బాహుదా మొగ నుంచి రంభ దాకా: పిట్టల లెక్క డైరీ

ఆగస్టు చివరి వారం

ఒడిశాలోని గంజాం జిల్లాలో నీటి పిట్టలు అనగానే అందరి చూపూ చిలికా వైపే పోతుంది. అది న్యాయమే. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాకు (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) ఎక్కిన మొదటి రెండు చోట్లలో చిలికా ఒకటి, రెండోది రాజస్థాన్‌లోని కేవలాదేవ్. ఏటా జనవరిలో అటవీ శాఖ వాళ్లు, పక్షి శాస్త్రవేత్తలు, వాలంటీర్లు పడవలెక్కి సరస్సంతా లెక్క కడతారు. ఈమధ్య ఏళ్లలో ఆ లెక్క పది లక్షలు దాటుతోంది. కానీ చిలికాకు దక్షిణంగా ఆంధ్రా సరిహద్దు దాకా చిన్న చిన్న మొగలు (నది సముద్రంలో కలిసే చోట్లు), ఉప్పు మడులు, చెరువులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏ నెలలో ఏం దిగుతున్నాయో వరసగా రాసి పెట్టే మనిషి కావాలి. బరంపురంలో ఉండే మాకు అవే దగ్గర. అందుకే ఈ పని మొదలుపెట్టాం.

మేమంటే నేను, మా బావమరిది, జువాలజీ చదువుతున్న మా అన్నయ్య కూతురు. నాలుగు చోట్లు ఖాయం చేసుకున్నాం. దక్షిణాన సోనాపూర్ దగ్గర బాహుదా మొగ. ఇచ్ఛాపురం పక్కగా వచ్చే బాహుదా అక్కడే సముద్రంలో పడుతుంది. తర్వాత ఛత్రపూర్ పక్కన తంపరా మంచినీటి చెరువు. దానికి 2021లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఋషికుల్య దాటాక హుమ్మా ఉప్పు మడులు. చివరికి చిలికా దక్షిణ కొసన రంభ. ఉప్పునీరు, మంచినీరు, రెండూ కలిసిన నీరు, అన్నీ ఇందులో వచ్చేశాయి. ఏప్రిల్ దాకా నెలనెలా ఈ నాలుగూ తిరగాలి. ఎంత నీరున్నప్పుడు ఏ పిట్టలు ఎన్ని ఉన్నాయో రాయాలి. ఇంతే ప్రాజెక్టు.

సరంజామా: రెండు జతల 8x42 బైనాక్యులర్స్, ఒక స్కోప్, దానికి కాస్త బరువైన ట్రైపాడ్. సముద్రపు గాలికి తేలిక ట్రైపాడ్ వణుకుతుంది, 40 రెట్లు పెంచి చూస్తే ఆ వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. ఇవి కాక బటన్ నొక్కితే అంకె పెరిగే చిన్న కౌంటర్లు, నీళ్లు తగిలినా అలుక్కుపోకుండా పెన్సిలుతో రాసే నోటు పుస్తకం. ఇంటికొచ్చాక అన్నీ పక్షుల లెక్కలు దాచే వెబ్‌సైటు ఈబర్డ్‌లోకి ఎక్కిస్తాం. అక్కడ మన లెక్క ఎవరికైనా అందుబాటులో ఉంటుంది, పాత లెక్కలతో పోల్చుకోవచ్చు.

సెప్టెంబరు రెండో వారం

గిరిసోలా దగ్గర హైవే దిగి సోనాపూర్ దారి పట్టాం. సరుగుడు తోటలు, వాటి పక్కన గట్లెమ్మట మొగలి పొదలు. ఋషికుల్య నుంచి బాహుదా వరకు ఈ తీరమంతా మొగలికి పుట్టిల్లు, గంజాం మొగలి అత్తరు పేరు దేశమంతా తెలుసు. పొదల్లోంచి జెముడుకాకి కూత వినిపిస్తూనే ఉంది. మొగ దగ్గరకు వెళ్లేసరికి తెప్ప ఒడ్డుకు లాగి వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన పలకరించాడు. ఇక్కడి మత్స్యకారుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"ఏటి బాబూ, ఆ గొట్టంలోంచి ఏటి కనపడతంది?"

స్కోప్‌లో చూపించాం. అవతలి బురదలో తిరుగుతున్న ఉల్లంకి పిట్టల్ని చాలాసేపు చూశాడు. ఆపైన ఆయన చెప్పిన మాట మా ప్రాజెక్టు మొత్తానికీ ఆధారమైంది.

"ఇప్పుడు ఆటు బాబూ. నీరు తీసేసింది కదా, పిట్టలు మేతకని బురదంతా సెదిరిపోయుంటాయి. మీరేటి లెక్కెడతారు? పోటు నిండీ యేలకి రండి. కింద నేలంతా నీరు కమ్మేత్తాది, అప్పుడన్నీ ఆ ఇసక తిన్ని మీదికే సేరతాయి."

తీరప్రాంతపు పక్షుల లెక్క అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఆటు సమయంలో బురద బయటపడుతుంది, అందులోని పురుగులూ నత్తలూ పిల్ల పీతలూ ఈ పిట్టల మేత. పోటు ఎక్కిన కొద్దీ మేత నేల మునుగుతుంది, పిట్టలు వెనక్కి జరుగుతూ జరుగుతూ మునగని ఎత్తు మీద గుంపుగా నిలబడతాయి. పోటు తీసేదాకా అక్కడే కునుకు తీస్తాయి. లెక్కకు అదే అదను.

కానీ అదను దొరకడం అంత తేలిక కాదు. మా తీరంలో పున్నమికీ అమావాస్యకూ పోటు ఉదయం తొమ్మిది ప్రాంతాల్లో నిండుతుంది, రోజుకు దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పున్నమినాడే వెళ్తే పోటు పెద్దదే కానీ సూర్యుడు ఇంకా సముద్రం మీద తక్కువ ఎత్తులో ఉంటాడు, ఒడ్డు నుంచి చూస్తే పిట్టలన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. అష్టమి నాటికి పోటు మధ్యాహ్నం మీదికి పోతుంది, వెలుతురు వెనకనుంచి పడి రంగులు బాగా తెలుస్తాయి. కానీ అప్పటి పోటుకు బలముండదు, బురద సగం మునగదు, పిట్టలు గుంపు కట్టవు. ఈ రెంటి మధ్యన పున్నమి వెళ్లిన విదియ, తదియ మాకు కుదిరాయి. పోటు పదిన్నర, పదకొండుకు నిండుతుంది, ఎండ నెత్తి మీదికి వచ్చి ఉంటుంది, నీటి మీద ఎండమావి ఆడటం అప్పుడప్పుడే మొదలవుతుంది. ఆదివారం కలిసిరాకపోతే సెలవు పెట్టాల్సిందే. గోడమీద క్యాలెండర్‌లో తిథులు చూసి ఏప్రిల్ వరకూ రోజులు గుర్తు పెట్టేశాం.

తిరుగు దారిలో సరిహద్దు దాటి తేలుకుంచి వెళ్లాం. ఊళ్లో చెట్ల నిండా నత్తగుల్ల కొంగల గూళ్లు. ఈ కొంగలు వస్తే వానలు పడతాయని ఊరివాళ్ల నమ్మకం, వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. ఇది మా లెక్కలో లేదు, చూడాలనిపించి ఆగాం అంతే.

సెప్టెంబరు నెలాఖరు

కొలకర్రలు చేశాం. మూడు వెదురు గడలు, ఒక్కొక్కటీ ఆరడుగులు. అయిదేసి సెంటీమీటర్లకు ఒక ఎర్ర పట్టీ, ఒక తెల్ల పట్టీ. దూరం నుంచి బైనాక్యులర్‌తో చదవగలిగేలా పట్టీలు మందంగా వేయాలి. ఆయిల్ పెయింట్ మీద వార్నిష్ రెండు పూతలు. ఉప్పునీళ్లలో మామూలు పెయింట్ నిలవదని బావమరిది గట్టిగా పట్టుబట్టాడు. తంపరాలో రేవు మెట్ల పక్కన ఒకటి, హుమ్మాలో అక్కడివాళ్లను అడిగి రెండు మడుల్లో రెండు పాతాం.

నీటి లోతుకు ఇంత పట్టింపు ఎందుకంటే, నీటి పిట్టలు ముక్కూ కాళ్లూ కొలిచినట్టు నీళ్లను పంచుకుంటాయి. లిటిల్ స్టింట్ అనే పిట్ట పిచ్చుకంత ఉంటుంది, దాని కాళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల నీరే ఎక్కువ. పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్ పదిహేను సెంటీమీటర్లలో కూడా నడుస్తుంది. బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ కడుపు దాకా నీళ్లలో దిగి పొడవాటి ముక్కును బురదలోకి గుచ్చుతుంది. తల ముంచి తోక పైకెత్తి మేసే పింటెయిల్ బాతుకు మెడ అందేంత లోతు చాలు, మునిగి మేసే పోచార్డ్ బాతుకు అంతకంటే ఎక్కువ కావాలి. అరడుగు నీరు పెరిగిందంటే ఒక చెరువులో ఉండే పిట్టల జాబితానే మారిపోతుంది. "ఈ నెల స్టింట్లు తగ్గాయి" అని రాసేముందు నీరెంత ఉందో రాయకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు. ఇదే ఈ డైరీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది: ముందు నీటిని రాయండి, తర్వాత పిట్టల్ని.

మొగ దగ్గర చాటు కూడా కట్టాం. నాలుగు సరుగుడు గుంజలు, వాటికి గోనెపట్టా, కూర్చుంటే కంటి ఎత్తున చీలిక. కట్టడానికి ఒక పూట పట్టింది.

అక్టోబరు మధ్య

వాయుగుండం వార్త వచ్చినప్పుడల్లా ఇక్కడ అందరికీ టెన్షనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటినా గంజాం, గజపతి జిల్లాలను ముంచేసింది. ఈ ఏడు అంత పెద్దదేమీ రాలేదు, వానలు మాత్రం గట్టిగా పడ్డాయి. బాహుదా వరద మొగను కాస్త ఉత్తరానికి తోసింది. సెప్టెంబరులో పిట్టలు నిలిచిన తిన్నె సగం కొట్టుకుపోయింది, దక్షిణాన కొత్త తిన్నె తేలింది. మొగ ఇలా కదులుతూనే ఉంటుంది కాబట్టి నిలబడి లెక్కపెట్టే మా నాలుగు పాయింట్లు ఇసుక మీద పెట్టుకోలేదు. ఒకటి పాత సరుగుడు చెట్టు, ఒకటి సిమెంటు దిమ్మె, మిగతావి గట్టు మీద. నాలుగింటికీ జీపీఎస్ గుర్తులు ఉన్నాయి. తిన్నె ఎటు జరిగినా మనం నిలబడే చోటు మారదు.

పాయింటుకు పదిహేను నిమిషాలు. ఇద్దరం విడివిడిగా లెక్కపెడతాం, ఒకరి అంకె మరొకరికి చెప్పుకోం. రెండు లెక్కల మధ్య తేడా పది శాతం దాటితే మళ్లీ మొదటినుంచి. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పది పిట్టల్ని లెక్కించి, అవి స్కోప్‌లో ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, ఆ మేరతో గుంపంతా కొలుస్తూ పోతాం. గుంపు అంచుల్లో పలచగా, నడుమ చిక్కగా ఉంటుంది, కాబట్టి నడిమికి వెళ్లినప్పుడు కొలమేర చిన్నది చేసుకోవాలి. చివర్లో ఒక ఫోటో తీసి, ఇంటి దగ్గర కంప్యూటర్‌లో చుక్కలు పెట్టి సరిచూస్తాం.

ఈ నెల గుంపులో ఎక్కువ శాండ్ ప్లవర్లు. వెనకటి పుస్తకాల్లో లెసర్ శాండ్ ప్లవర్ అని ఒక్కటే జాతి. 2023లో దాన్ని సైబీరియన్, టిబెటన్ అని రెండుగా విడదీశారు. మన వైపు వచ్చేవి ఎక్కువగా టిబెటన్. వీటి పక్కనే గ్రేటర్ శాండ్ ప్లవర్ నిలబడితే తేడా తెలుస్తుంది: దాని ముక్కు పొడవు, కాళ్లూ పొడవే, ఎగిరినప్పుడు కాలివేళ్లు తోక దాటి కనిపిస్తాయి. ఒంటరిగా, నిద్రపోతూ, ముక్కు రెక్కలో దాచుకుని ఉంటే ఎవరూ చెప్పలేరు. అందుకే మా పట్టికలో "శాండ్ ప్లవర్, ఏదో తేలలేదు" అని ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా ఉంచాలన్న పట్టుదల మంచిది కాదు. తేలనిదాన్ని తేలలేదని రాసిన లెక్కే పదేళ్ల తర్వాత పనికొస్తుంది.

మా అన్నయ్య కూతురు కర్ల్యూ శాండ్‌పైపర్లను గమనించి ఒక మంచి విషయం పట్టింది. "బాబాయ్, ఇవన్నీ ఈ ఏటి పిల్లలే చూడు, వీపు మీద ఈకల అంచులన్నీ తెల్లగా పొలుసుల్లా ఉన్నాయి" అంది. నిజమే. ఈ జాతిలో పెద్దవి సైబీరియా ఉత్తరపు అంచు నుంచి ముందు బయల్దేరి ఆగస్టు, సెప్టెంబరులకే వచ్చేస్తాయి. ఆ వేసవిలో పుట్టిన పిల్లలు తర్వాత వస్తాయి, పెద్దల తోడు లేకుండానే. రెండు మూడు నెలల వయసు పిట్ట, ఎన్నడూ చూడని దారిలో వేల కిలోమీటర్లు వచ్చి బాహుదా మొగ దగ్గర బురద పొడుస్తోంది. స్కోప్‌లో దాన్ని చూస్తూ మా బావమరిది కౌంటర్ నొక్కడం ఆపేశాడు. ఆయన్ని నేను తొందరపెట్టలేదు.

హుమ్మాలో మడులు వాననీటితో నిండి ఉన్నాయి. కొలకర్ర ముప్పై అయిదు చూపిస్తోంది. నీటికాకులు, కొన్ని విజిలింగ్ డక్‌లు తప్ప ఏమీ లేవు.

నవంబరు, కార్తీకం

కార్తీక పున్నమి రోజున బోయిత బందాణ, తెల్లవారుజామున ఊళ్లకు ఊళ్లే నీటి ఒడ్డున చేరి చిన్న పడవలు వదులుతాయి. ఆ రోజు లెక్క పెట్టుకోలేదు. ఆ పున్నమితో ముగిసే అయిదు రోజులు ఒడియా వాళ్లకు బక పంచకం. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని వాళ్ల నమ్మిక, మనుషులు మాంసం చేపలు మానేస్తారు. బరంపురంలో తెలుగిళ్లలోనూ చాలామంది పాటిస్తారు. చేపకు గిరాకీ పడిపోతుంది కాబట్టి మొగ దగ్గర వలలు వేసేవాళ్లు తగ్గారు. మేం మామూలుగా రాసుకునే గళ్లలో "మనుషులు, కుక్కలు, పడవలు" అని ఒకటుంది. అందులో ఆ రోజు దాదాపు ఏమీ లేదు. తిన్నె మీద పిట్టలు పోటు మొత్తం కదలకుండా నిలిచాయి. గాడ్విట్లు, గోల్డెన్ ప్లవర్లు, కర్ల్యూలు, వింబ్రెల్లు, వెనక వరసలో బ్రౌన్ హెడెడ్ గల్స్, టెర్న్‌లు. గుంపు మొత్తం ఎనిమిది వందలకు పైనే తేలింది.

రెండు వారాలు దాటాక అమావాస్య వెళ్లిన విదియకు మళ్లీ వెళ్లాం. అదే పోటు, దాదాపు అదే గాలి. ఈసారి ఒడ్డున జనం ఉన్నారు, రెండు కుక్కలు తిన్నె వెంట పరుగులు పెడుతున్నాయి. గుంపు లేచింది, తిరిగింది, వాలింది, మళ్లీ లేచింది. చివరికి సగానికి సగం ఉత్తరానికి వెళ్లిపోయి ఎక్కడ వాలిందో తెలియలేదు. కాగితం మీద చూస్తే రెండు వారాల్లో పిట్టలు సగమైనట్టు. నిజానికి తగ్గింది పిట్టలు కాదు, నెమ్మది.

గుంపు లేవబోయే ముందు కొన్ని గుర్తులుంటాయి. మొదట అంచునున్నవి ముక్కు రెక్కలోంచి తీస్తాయి. తర్వాత మెడ నిక్కించి నిలబడతాయి. కొన్ని తల పైకీ కిందికీ ఆడిస్తాయి, కొన్ని నడక మొదలుపెడతాయి. అంతవరకు వస్తే మనం ఉన్నచోటే ఆగిపోవాలి, లేదా రెండడుగులు వెనక్కి వేయాలి. ఇంకా ముందుకు వెళ్తే ఒక్కటి రెక్క విప్పుతుంది, దానితో అన్నీ లేస్తాయి. ఇలా లేచిన ప్రతిసారీ అవి ప్రయాణం కోసం ఒంట్లో దాచుకున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది. ఫోటో కోసం దగ్గరికి నడిచేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియక చేస్తారు. స్కోప్‌లో చూపించి చెబితే అర్థం చేసుకుంటారు కూడా. తాత మనవళ్లయితే ఇప్పుడు కుక్కల్ని వాళ్లే అదిలిస్తున్నారు.

డిసెంబరు

గోపాల్‌పూర్ బీచ్ మా జాబితాలో లేదు కానీ తెల్లారి అక్కడ నడవడం నాకు అలవాటు. శాండర్లింగ్‌లు వచ్చాయి. అల వెనక్కి పోగానే తడి ఇసుక మీదికి పరుగు, అల రాగానే వెనక్కి పరుగు. దీనికి వెనక కాలివేలు ఉండదు, మూడు వేళ్ల మీదే ఆ పరుగంతా.

తంపరాలో నామాల కోళ్లు, మునుగుడు కోళ్లు, కాటన్ టీల్. కొలకర్ర దగ్గర నీరు అక్టోబరుకంటే పదిహేను సెంటీమీటర్లు దిగింది. ఒడ్డునున్న నాచు మీద జకానాలు నడుస్తున్నాయి. రామ్‌సర్ వాళ్ల వివరాల్లో ప్రమాదంలో ఉన్నవిగా రాసిన రివర్ టెర్న్ ఒక జత కనిపించింది. పసుపు ముక్కు, చీలిన తోక, గుర్తుపట్టడం తేలిక. పిక్నిక్ సీజను, పాటల పెట్టెలు మోగుతున్నాయి. బాతులు చెరువు అవతలి కొసకు సర్దుకున్నాయి.

రంభ వేరు. చిలికాలో ఉత్తరపు కొస లోతు తక్కువ, గడ్డి ఎక్కువ, నదుల నీరు అటే వస్తుంది. అందుకే ఖుర్దా జిల్లాలో మంగళాజోడి దగ్గర చేయి చాపితే అందేంత దగ్గర బాతులు ఉంటాయి. ఆ ఊరి వేటగాళ్లే వేట మానేసి కాపలాదారులైన కథ పక్షుల మీద ఇష్టమున్న ప్రతివాళ్లకూ తెలిసిందే. దక్షిణాన రంభ వైపు నీరు లోతు. ఇక్కడ కాళ్లతో నడిచే చిన్న పిట్టలు తక్కువ. ఆస్ప్రే రాతి మీద కూర్చుని చేప చీలుస్తోంది, గరుడ పక్షులు పైన తిరుగుతున్నాయి. సాయంత్రం నీటి అంచున జక్కవలు కనిపించాయి. మన కావ్యాల్లో రాత్రయితే విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకునే చక్రవాకాలు ఇవే. ఒంటి రంగు పండిన నారింజ తొక్క రంగు, తల కాస్త పాలిపోయినట్టు, మగదానికి మెడలో సన్నని నల్ల పట్టీ. ఆ పట్టీ చలికాలంలో సరిగా కనిపించదు. ఇవి టిబెట్, మంగోలియా వైపు ఎత్తు భూముల నుంచి వస్తాయి. వాటితోపాటు వచ్చే చారల తల బాతులు హిమాలయాలు దాటేటప్పుడు ఏడు వేల మీటర్ల పైన ఎగిరినట్టు ట్రాన్స్‌మిటర్లు కట్టి కనుక్కున్నారు. పడవ మనిషి ఇంజిను ఆపేసి గడకర్రతో నెట్టాడు, మేం అడగకుండానే.

జనవరి

ఈ నెల మనసంతా హుమ్మా మీదే. ఉప్పు పని మొదలైంది. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఉప్పు మడులంటే ఎండిపోయిన బీడు అనుకునేవాళ్లే ఎక్కువ.

ఉప్పునీటిని మొదట పెద్ద మడుల్లోకి పెడతారు. అక్కడ కాస్త ఆవిరై చిక్కబడ్డాక పక్క మడికి వదులుతారు, అక్కడినుంచి ఇంకో దానికి. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ ఉప్పు ఘాటు పెరుగుతుంది. చివరి చిన్న మడుల్లో ఉప్పు పలుకులు కడతాయి, వాటిని పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో గట్టుకు లాగుతారు. మొదటి మడుల్లో చేపలు, రొయ్యలు బతుకుతాయి కాబట్టి అక్కడ కొంగలు, టెర్న్‌లు. నడిమి మడుల్లో నీరు చేపకు పనికిరాదు, కానీ ఆ ఘాటులోనే పెరిగే చిన్న చిన్న ప్రాణులు, ఈగల పురుగులు లెక్కలేనన్ని. పోటీ లేదు, పట్టుకు తినే చేప లేదు, నీరు అరచేతి లోతు. స్టింట్లకు, ప్లవర్లకు, స్టిల్ట్‌లకు ఇంతకంటే ఏం కావాలి? చివరి మడుల్లో మాత్రం ఏ పిట్టా ఉండదు. అక్కడ బతికే మేత లేదు.

మా రెండు కొలకర్రల్లో ఒకటి నడిమి మడిలో ఉంది. నీరు రెండు సెంటీమీటర్లు చూపించిన రోజున దాని చుట్టూ లిటిల్ స్టింట్లు రెండు వందల దాకా ఉన్నాయి. గట్టు మీద బోర్లా పడుకుని చూశాం. మాకు నాలుగైదు బారల దూరంలో ఒకటి మేస్తోంది. నల్లటి కాళ్లు, నల్లటి చిన్న ముక్కు. కుట్టుమిషన్ సూదిలా ఆగకుండా బురదను పొడుస్తోంది. రెండు అడుగులు, నాలుగైదు పోట్లు, మళ్లీ రెండు అడుగులు. మధ్యలో ఒక్కసారి ఆగి ఒక కన్ను ఆకాశం వైపు తిప్పింది. మేమూ పైకి చూశాం. చాలా ఎత్తున పెరిగ్రిన్ డేగ. మడి మొత్తం ఒక్కసారిగా నేలకు అణిగిపోయింది, ఒక్క పిట్టా ఎగరలేదు. డేగ దాటిపోయాక అదే పిట్ట ముందుగా లేచి, ఆపిన చోటునుంచే మేయడం మొదలుపెట్టింది. టెమ్మింక్స్ స్టింట్ కూడా ఒకటి తేలింది, పసుపు కాళ్లు చూసి పట్టాం.

వారం తర్వాత అదే మడిలో నీరు పదకొండు సెంటీమీటర్లు. కింది మడికి నీరు వదలలేదట. స్టింట్లు లేవు, వాటి చోట స్టిల్ట్‌లు. ఉప్పు తీసే ఆవిడ ఒకామె మా కొలకర్రను చూసి, "బాబూ, ఆ చిన్నపిట్టలు కావాలంటే ఎదర మడి చూడండి, దాన్లో నీరు తీసేసినాం" అంది తెలుగులోనే. వెళ్లాం. అన్నీ అక్కడే ఉన్నాయి. మడుల్లో పిట్టలు ఎక్కడుంటాయో ఆమెకు ముందే తెలుసు, ఏ తూము ఎప్పుడు తీస్తే ఏ మడి ఎంత దిగుతుందో ఆమె పనే కదా. అప్పటినుంచి లెక్కకు ముందు ఆమెను అడిగి తూముల సంగతి రాసుకుంటున్నాం. మడి పేరు, నీటి లోతు, ఉప్పు ఏ మెట్టులో ఉంది, ఏ తూము తీశారు. ఈ పట్టికే మా ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన కాగితమని నా నమ్మకం.

ఉప్పు పనిలో కూలి గిట్టక మడులు వదిలేస్తే పిట్టలకూ నష్టమే. నీటిని ఎవరూ మడి నుంచి మడికి పంపకపోతే కొన్ని ఎండి పగులుతాయి, కొన్ని తుప్పలు పట్టిపోతాయి, కొన్ని రొయ్యల చెరువులవుతాయి. రొయ్యల చెరువు లోతు ఎక్కువ, గట్లు నిటారు, అంచున నడిచే పిట్టకు చోటుండదు.

ఈ నెల లెక్కను ఆసియా నీటి పక్షుల గణనకు కూడా పంపించాం. 1987 నుంచి ఏటా జనవరిలోనే జరిగే లెక్క అది, ఎవరైనా తమ ఊరి చెరువు లెక్క పంపవచ్చు.

ఫిబ్రవరి

ఋషికుల్య మొగ వైపు వెళ్లడం మానుకున్నాం. తాబేళ్లు గుంపుగా గుడ్లు పెట్టే కాలం. ఆలివ్ రిడ్లీలు ఇక్కడ అలా గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ రోజుల్లో ఇసుక మీద మన అడుగులు అక్కర్లేదు.

మత్స్యకారుల బాధ కూడా రాయాలి. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగకు ఎదురుగా సముద్రంలో 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. అది మంచికే. కానీ చిన్న తెప్ప మీద బతికేవాడికి ఆ ఏడు నెలలు చాలా పొడుగు. పక్షుల మీద, తాబేళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లం వాళ్ల వైపు కూడా నిలబడి మాట్లాడాలి. ఈ మొగల్ని రోజూ చూసేది వాళ్లే.

మార్చి చివర, ఏప్రిల్

రంగులు మారుతున్నాయి. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న కర్ల్యూ శాండ్‌పైపర్లలో పెద్దవి మెడ నుంచి కడుపు దాకా ఇటుక ఎరుపు ఎక్కుతున్నాయి. శాండ్ ప్లవర్ల ఛాతీ మీద కుంకుమ పట్టీ. లావెక్కాయి కూడా, తోక కింద కొవ్వు ఉబ్బు స్కోప్‌లో తెలుస్తోంది. రోజంతా ఆపకుండా మేస్తున్నాయి, పోటు వేళ కూడా నిద్ర తక్కువ.

బాహుదా మొగ దగ్గర ఒక గాడ్విట్ కాలికి ఉంగరం కనిపించింది. లోహపు ఉంగరం, అంకెలు చిన్నవి. ఎండమావికి చదవలేకపోయాం. తీసిన వీడియో నుంచి ఒక్కో ఫ్రేమూ విడదీసి రెండు అంకెల దాకా పట్టాం. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు చిలికాలో చాలా ఏళ్లుగా పిట్టలకు ఉంగరాలు వేస్తున్నారు, వాళ్లకే పంపించాం. ఉంగరం కనిపిస్తే ఎవరైనా సరే జాతి, ఏ కాలు, మోకాలికి పైనా కిందా, రంగు, తేదీ, చోటు రాసి పంపాలి. అంకె చదవలేకపోయినా ఆ మాత్రం సమాచారం కూడా పనికొస్తుంది.

ఏప్రిల్ మధ్యకు తిన్నె చాలావరకు ఖాళీ. మిగిలినవి ఎక్కువగా ఏడాది పిల్లలు. వాటికి రంగు ఎక్కలేదు, ఈ ఏడు అవి ఉత్తరానికి పోవు, ఎండాకాలమంతా ఇక్కడే గడుపుతాయి. కాబట్టి లెక్క ఏప్రిల్‌తో ఆపాలన్న ఆలోచన మార్చుకున్నాం. మే, జూన్, జులైలలో కూడా బాహుదా మొగ ఒక్కటి చూస్తాం. ఈ నెలలవి చాలా తక్కువమంది రాస్తారు.

తర్వాత పనులు: వానలకు ముందే హుమ్మా కొలకర్రలు పీకి మళ్లీ పెయింట్ వేయాలి. మొగ దగ్గర గోనెపట్టా చిరిగింది, కొత్తది కట్టాలి. తూముల పట్టికను ఒడియాలో కూడా రాసి మడుల దగ్గర ఇవ్వాలి, మా అమ్మాయి ఆ పని మీద ఉంది. తాత మనవడికి ఒక కౌంటర్ ఇచ్చాం. మేం రాని రోజుల్లో విదియ, తదియ పోటుకు తిన్నె మీద ఎన్ని నిలిచాయో నొక్కి, ఆ అంకెను ఫోనులో పంపుతానన్నాడు. మొన్న అమావాస్య తదియకు మొదటి అంకె వచ్చింది: నలభై మూడు, కుక్కలు లేవు, పోటు నిండింది.